సెకండ్ హ్యాండ్‌లో ఖరీదైన టీవీ కొనొచ్చా? ఇంటికెళ్లి చూసి తేల్చుకునే పద్ధతి

కొన్నేళ్ల కిందట కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి 55 అంగుళాల ఓఎల్ఈడీ టీవీ చూడటానికి వెళ్లాను. అమ్మే కుటుంబం పది రోజుల్లో అమెరికా వెళ్లిపోతోంది. హాల్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. యూట్యూబ్‌లో సముద్రం వీడియో పెట్టారు. చేపలు అద్దం వెనక ఈదుతున్నట్టే ఉన్నాయి. ఇంకేమీ చూడలేదు. అక్కడికక్కడే అరవై వేలు పంపించి, ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఇంటికి తెచ్చేశాను.

ఆదివారం క్రికెట్ మ్యాచ్ పెట్టాం. బంతి గాల్లోకి లేచింది, కెమెరా ఆకాశం వైపు తిరిగింది. లేత నీలం తెర మీద, కింది భాగంలో, ఒక మసక పట్టీ ఈ చివర నుంచి ఆ చివరికి కనిపించింది. దాని కుడి చివర చిన్న చదరం. న్యూస్ చానల్‌లో టైమ్ చూపించే చోటు అది. ఆ ఇంట్లో తాతగారు పొద్దున ఆరింటికి న్యూస్ పెడితే రాత్రి పడుకునేదాకా అదే నడిచేదని తర్వాత తెలిసింది. వాళ్లు నాకు అబద్ధమేమీ చెప్పలేదు. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు, అంతే.

ఆ తర్వాత నా కోసం, బంధువుల కోసం, ఆఫీసు వాళ్ల కోసం చాలా టీవీలు చూశాను. కొన్ని కొన్నాం, చాలావాటిని వద్దనుకుని వెనక్కొచ్చాం. ఇప్పుడు ఏ టీవీ దగ్గరికి వెళ్లినా చేసే పనులు ఇవి, చేసే వరుసలోనే చెబుతున్నాను.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. టీవీకి ఆ సామెత పనికిరాదు. లక్షన్నర పెట్టి కొన్న టీవీ అయినా ప్యానెల్, అంటే బొమ్మ చూపించే తెర, పోతే మిగిలేది ఒక స్టాండు, ఒక రిమోటు, పాత సామాన్లవాళ్లు ఇచ్చే చిల్లర. పవర్ బోర్డు, మెయిన్ బోర్డు, స్పీకర్లు, వెనక ఉండే ఎల్ఈడీ స్ట్రిప్‌లు పోతే బాగు చేయించుకోవచ్చు. ప్యానెల్ మార్చాలంటే మాత్రం దాదాపు కొత్త టీవీ ఖర్చు అవుతుంది. అందుకే సెకండ్ హ్యాండ్ టీవీ అంటే నా దృష్టిలో ఒక ప్యానెల్‌లో మిగిలిన ఆయుష్షు. ఆ ఆయుష్షు ఎంతో తేలకముందు ధర గురించి ఒక్క మాట కూడా మాట్లాడకండి.

1. ముందు మీ ఇంటిని చూసుకోండి

ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్, అంటే బొమ్మలోని ఒక్కో చిన్న చుక్క, తనంతట తానే వెలుగుతుంది, వెనక లైటంటూ ఉండదు. నలుపు చూపించాల్సిన చోట పిక్సెల్ పూర్తిగా ఆరిపోతుంది. రాత్రి సీన్లు అంత అందంగా ఉండేది అందుకే. కానీ ఆ పిక్సెల్‌లోని పదార్థం వెలిగేకొద్దీ అరుగుతుంది. చానల్ లోగో, స్కోరు పెట్టె, న్యూస్ పట్టీ లాంటివి రోజూ ఒకే చోట గంటల తరబడి ఉంటే అక్కడి పిక్సెల్‌లు చుట్టుపక్కల వాటికంటే ముందే అరిగి మసకబారతాయి. దీన్నే బర్న్-ఇన్ అంటారు. ఒకసారి గట్టిగా పడితే ఇక పోదు.

మీ ఇంట్లో రోజుకు ఆరేడు గంటలు న్యూస్, సీరియళ్లు నడుస్తాయా? అలాగైతే వాడిన ఓఎల్ఈడీ మీకు వద్దు. మొదటి యజమాని సగం అరగదీసింది మీరు పూర్తి చేస్తారు. సాయంత్రాలు సినిమాలు, వెబ్ సిరీస్‌లు, వారానికి రెండు మూడు మ్యాచ్‌లు చూసే ఇంటికి మాత్రం ఇంతకంటే మంచి బేరం దొరకదు.

క్యూఎల్ఈడీ అనే పేరు విని చాలామంది అది కూడా ఓఎల్ఈడీ లాంటిదే అనుకుంటారు. కాదు, అది వెనక లైటు ఉన్న ఎల్‌సీడీయే. రంగులు బాగా రావడానికి క్వాంటమ్ డాట్ పొర ఉంటుంది. మినీ ఎల్ఈడీ కూడా అదే కుటుంబం, వెనక లైట్లు చిన్నవిగా, చాలా ఎక్కువగా ఉంటాయి. వీటికి బర్న్-ఇన్ భయం దాదాపు లేదు, వెలుతురు కూడా ఎక్కువ. హాల్లో పెద్ద కిటికీ ఉండి పగలంతా ఎండ పడే ఇళ్లకు ఇవే నయం. 2022లో శాంసంగ్ ఎస్95బీ, సోనీ ఏ95కే మోడళ్లతో క్యూడీ-ఓఎల్ఈడీ అని మూడో రకం వచ్చింది. రంగులు అద్భుతంగా ఉంటాయి. కానీ గదిలో వెలుతురు బాగా ఉంటే నలుపు కాస్త ఊదా చాయ కలిసిన బూడిద రంగులా కనిపిస్తుంది. అది పాడవడం వల్ల వచ్చింది కాదు, ఆ ప్యానెల్ తీరే అంత. తెలియక అదే లోపమనుకుని మంచి టీవీ వదిలేసినవాళ్లూ ఉన్నారు.

టేపు తీసి గోడ కొలవండి. 55 అంగుళాల తెర అడ్డంగా సుమారు 122 సెంటీమీటర్లు, 65 అంగుళాలది 144, 77 అంగుళాలది 170 ఉంటుంది. మీ లిఫ్టు తలుపు, మెట్ల మలుపు కూడా కొలుచుకోండి. 77 అంగుళాల టీవీ కొని నాలుగో అంతస్తుకి మెట్ల మీద మోయించుకున్న ఇల్లు నాకు తెలుసు.

2. బిల్లు మీద ధర మర్చిపోండి, ఈరోజు ధర చూడండి

అమ్మేవాళ్లు ఎప్పుడూ "లక్షా అరవై వేలు పెట్టి కొన్నాం సార్" అనే మొదలుపెడతారు. నిజమే అయ్యుంటుంది. కానీ టీవీల ధరలు సాధారణంగా ఏటా తగ్గుతాయి, కొత్త మోడల్ రాగానే పాతది ఇంకా పడిపోతుంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ లక్షా అరవై వేల బిల్లులో అసలు ధర 1,25,000, పన్ను 35,000. అదే టీవీ 18 శాతం పన్నుతో 1,47,500 అవుతుంది. మోడల్ పాతబడిన సంగతి పక్కన పెట్టినా, ఒక్క పన్ను వల్లే 12,500 తేడా. చాలామంది అమ్మేవాళ్లకు ఈ లెక్క తట్టదు. మీరు మర్యాదగా కాగితం మీద వేసి చూపిస్తే ఒప్పుకుంటారు.

అందుకని వెళ్లేముందు రెండు ధరలు రాసుకోండి. అదే సైజులో, అదే స్థాయిలో ఈ ఏడాది మోడల్ ఎంతుందో ఒకటి. మీరు పెట్టగలిగిన డబ్బుకు కొత్తగా, వారంటీతో ఏ టీవీ వస్తుందో రెండోది. దసరా, దీపావళి సేల్ దగ్గర్లో ఉంటే ఆ ధరలు చూసేదాకా ఆగండి.

నా హద్దు ఇది: వారంటీ అయిపోయిన ఓఎల్ఈడీకి ఈరోజు కొత్త ధరలో 45 శాతం దాటి ఇవ్వను. కంపెనీ వారంటీ ఇంకా ఏడాదైనా ఉంటే 60 శాతం దాకా వెళ్తాను. మినీ ఎల్ఈడీకి వారంటీ లేకపోతే సగం. ఇంకో లెక్క కూడా వేస్తాను. టీవీ రెండేళ్లకే పోయిందనుకుని ధరను 24తో భాగిస్తాను. 65,000 అయితే నెలకు సుమారు 2,700. ఆ మొత్తం పోయినా ఇంట్లో గొడవ జరగదనుకుంటేనే ముందుకు వెళ్తాను. ప్యానెల్ రేపు పోయినా పోవచ్చు, పదేళ్లు ఆడినా ఆడొచ్చు. ఆ టెన్షన్ భరించలేనివాళ్లకు కొత్త మధ్యరకం టీవీయే సుఖం. మా అక్క అడిగితే నేను అదే చెప్పాను, తను అదే కొంది, హాయిగా ఉంది.

షోరూమ్‌లో డిస్‌ప్లేకి పెట్టిన పీస్ సగం ధరకు ఇస్తామంటే ఆశపడకండి, అది ఓఎల్ఈడీ అయితే అసలే వద్దు. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదికి 4,380 గంటలు, అదీ ఎక్కువ వెలుతురులో, ఒకే డెమో వీడియో తిరిగి తిరిగి ఆడుతూ నడిచి ఉంటుంది. ఇళ్లలో రెండు మూడేళ్లకు కూడా అంత అరుగుదల ఉండదు.

3. ఫోన్‌లోనే సగం తేల్చుకోండి

"టీవీ బాగుందా?" అని అడిగితే "సూపర్‌గా ఉంది" అనే జవాబు వస్తుంది. దాని బదులు ఇలా అడగండి: "ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారా అండీ? ఎక్కువగా ఏం చూస్తారు?" ఇందులో నింద లేదు కాబట్టి మనుషులు నిజం చెప్పేస్తారు. "మా నాన్నగారు న్యూస్ వదలరు" అన్నారంటే మీకు కావాల్సిన సమాచారం వచ్చేసినట్టే. "పిల్లలు ప్లేస్టేషన్ ఆడతారు" అంటే ఏ గేమ్, రోజుకు ఎంతసేపు అని అడగండి. ఎప్పుడూ ఒకే గేమ్ ఆడితే స్కోరు, మ్యాపు ఒకే మూలలో ఉంటాయి.

తర్వాత వాట్సాప్‌లో మూడు ఫోటోలు పంపమనండి. వెనక ఉన్న స్టిక్కర్ ఒకటి, అందులో మోడల్ నంబరు, సీరియల్ నంబరు, తరచుగా తయారైన నెల కూడా ఉంటాయి. బిల్లు రెండోది. టీవీ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపించే స్క్రీన్ మూడోది. ఎల్‌జీ టీవీల్లో చాలావాటికి ఇది సెట్టింగ్స్‌లోని సపోర్ట్ భాగంలో, టీవీ సమాచారం దగ్గర కనిపిస్తుంది. కొన్ని కంపెనీల్లో సర్వీస్ మెనూలోకి వెళ్తే గానీ కనిపించదు. రిమోట్ మీద బటన్లు ఒక వరుసలో నొక్కి ఆ మెనూ తెరిచే వీడియోలు దొరుకుతాయి. మీది కాని టీవీలో ఆ పని చేయకండి. ఒక సంఖ్య పొరపాటున మారితే టీవీయే తేడా చేస్తుంది.

గంటల్ని తయారైన నెలతో పోల్చి చూడండి. మూడేళ్ల టీవీ రోజుకు ఐదు గంటల చొప్పున అయితే సుమారు 5,500 చూపించాలి. 2,400 ఉంటే రోజుకు రెండు గంటల పైచిలుకు, నమ్మదగ్గదే. మూడేళ్ల టీవీలో 300 గంటలే ఉంటే బోర్డు ఎప్పుడైనా మార్చారా అని అడగాలి. ఏం చూశారన్నది గంటల కంటే ముఖ్యమైనా, 8,000 దాటిన ఓఎల్ఈడీ జోలికి నేను వెళ్లను.

సీరియల్ నంబరు దొరికాక కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి వారంటీ ఎప్పటిదాకా ఉందో అడగండి. తర్వాత కొన్న ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే అది కొత్త యజమాని పేరు మీదకు మారుతుందో లేదో అదే కంపెనీని అడిగి తెలుసుకోవాలి. "మారుతుంది సార్" అని అమ్మేవాళ్లు చెప్పినంత మాత్రాన చాలదు.

చివరగా ఒక మాట చెప్పి ఫోన్ పెట్టేయండి: "నేను వచ్చేదాకా టీవీ ఆన్ చేయొద్దండీ."

4. ఆన్ చేయకముందే చూడాల్సింది

లోపలికి వెళ్లగానే వెనక భాగం మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉండాలి. ముందే వేసి వేడెక్కించి ఉంచారంటే అడగాలి. పవర్ బోర్డు బలహీనపడిన టీవీ చల్లగా ఉన్నప్పుడు ఆన్ అవడానికి మొరాయిస్తుంది. రెండు మూడుసార్లు నొక్కితే గానీ రాదు, లేదా లోగో దాకా వచ్చి ఆరిపోతుంది. ఒకసారి వేడెక్కాక మామూలుగానే నడుస్తుంది.

ఆన్ చేయకుండానే ఫోన్ టార్చ్ వేసి, తెరకు ఏటవాలుగా, పక్కనుంచి పట్టుకోండి. గీతలు, చిన్న గుంటలు, పిల్లల బొమ్మ తగిలిన చుక్కలు అన్నీ తేలతాయి. మధ్యలో పొగమంచు పట్టినట్టు మచ్చ ఉంటే అద్దాలు తుడిచే ద్రావకం తెర మీద కొట్టి రుద్దారని అర్థం. పై పూత లేచిపోయింది, ఇక పాలిష్ పనిచేయదు. మూలల్లో, అంచుల వెంట గోరుతో మెల్లగా తడిమి చూడండి. వెంట్రుకంత పగులు కూడా ఓఎల్ఈడీకి ప్రాణాంతకమే.

తర్వాత వెనకవైపు. హెచ్‌డీఎంఐ పోర్టులలో ఆకుపచ్చగా చిలుము పట్టిందా, స్క్రూలు తుప్పు పట్టాయా చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, బీచ్ వైపు బాల్కనీ ఉన్న ఇళ్లలో ఇది తప్పనిసరి. గాలి రంధ్రాల్లోంచి టార్చ్ వేస్తే బొద్దింకల గుడ్లు, బల్లి రెట్టలు కనిపించవచ్చు. నవ్వులాటకు చెప్పడం లేదు, పవర్ బోర్డు మీదకు బల్లి చేరి షార్ట్ అయిన టీవీలు మెకానిక్‌ల దగ్గరికి వస్తూనే ఉంటాయి. స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారు. ఎందుకు విప్పారో అడగండి. విప్పడం తప్పేమీ కాదు, దాచడమే తప్పు.

5. రంగుల పరీక్ష: అరగంట ఇక్కడే పెట్టండి

దీనికోసం నేను ఒక పెన్ డ్రైవ్ తీసుకెళ్తాను. అందులో 3840×2160 సైజులో ఒకే రంగు నిండిన బొమ్మలు ఉంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు, గులాబీ, తెలుపు, సగం బూడిద, చివరగా దాదాపు నలుపులా ఉండే 5 శాతం బూడిద. ఇవి లేకపోతే యూట్యూబ్‌లో ఓఎల్ఈడీ బర్న్-ఇన్ టెస్ట్ అని వెతికితే వీడియోలు వస్తాయి. పెన్ డ్రైవ్ అయితే యూఎస్‌బీ పోర్టు పనిచేస్తుందో లేదో కూడా తేలిపోతుంది.

గది చీకటి చేయాలి. "కర్టెన్లు వేసి లైట్లు ఆర్పొచ్చా అండీ?" అని అడగండి. కర్టెన్ లేకపోతే దుప్పటి కట్టమని అడగడానికి కూడా మొహమాటపడొద్దు, యాభై వేలు పెట్టేది మీరు. పిక్చర్ మోడ్‌లో ఎకో (కరెంటు ఆదా చేసే సెట్టింగు) ఉంటే తీసేసి వెలుతురు పూర్తిగా పెంచండి.

ఒక్కో రంగు అర నిమిషం చాలు. ముందు మూడడుగుల దూరంలో నిలబడి చూడండి, తర్వాత పదడుగులు వెనక్కి వెళ్లి కూర్చుని చూడండి. ఎరుపు తెర మీద అడుగు భాగం ముఖ్యం. మన న్యూస్ చానళ్ల పట్టీలు ఎర్రగా, పసుపుగా ఉంటాయి కాబట్టి ఆ గుర్తు ఎరుపు, పసుపు, గులాబీ తెరల్లోనే ముందు దొరుకుతుంది. నేను కొన్న ఆ టీవీలో నీలం తెర మీద, తెలుపు తెర మీద గుర్తు అంతగా తెలియలేదు. ఎరుపు పెట్టగానే కింద రెండంగుళాల పట్టీ, పైన కుడి మూల చానల్ లోగో గుండ్రంగా, రబ్బరు స్టాంపు ముద్ర వేసినట్టు కనిపించాయి. ఆ ఎరుపు తెర కొనకముందు ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది.

మసక గుర్తు కనిపించినంత మాత్రాన లేచి వచ్చేయకండి. అంతకుముందు చూసిన బొమ్మ నీడలా కాసేపు మిగిలిపోవడం కూడా ఉంటుంది, అది తాత్కాలికం. పావుగంట ఏదైనా సినిమా నడిపించి మళ్లీ అదే రంగు పెట్టండి. పోతే ఇబ్బంది లేదు. పోకపోతే అమ్మేవాళ్లు "పిక్సెల్ రిఫ్రెష్ చేస్తే పోతుంది సార్" అంటారు. దానికి ఒకటే జవాబు: "అలాగే, చేసి ఉంచండి, సాయంత్రం వచ్చి చూస్తా." ఆ పని టీవీయే చేసుకుంటుంది, సుమారు గంట పడుతుంది. నిజంగా పోతే వాళ్లకూ మంచిదే. అయితే సోనీ తన ఓఎల్ఈడీలకు దీన్ని ఏడాదికి ఒకసారికి మించి చేయొద్దంటుంది, కాబట్టి పదే పదే చేయించకండి.

ఇక 5 శాతం బూడిద. కళ్లు చీకటికి అలవాటు పడటానికి రెండు నిమిషాలు ఆగండి. నిలువుగా సన్నని చారలు కొద్దిగా కనిపిస్తాయి. కొత్త ఓఎల్ఈడీల్లో కూడా ఉంటాయి, సినిమా చూసేటప్పుడు తెలియకపోతే వదిలేయండి. కానీ ఒక పక్క మొత్తం చాయ మారి ఉన్నా, మధ్యలో మందపాటి చార ఉన్నా రాత్రి సీన్లలో అది మిమ్మల్ని వదలదు. ఫోన్ కెమెరాతో ఫోటో తీసి నిర్ణయించుకోకండి, కెమెరా చిన్నదాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. మీ కళ్లనే నమ్మండి.

ఎల్‌సీడీ రకం అయితే తెలుపు తెరే అసలు పరీక్ష. చదరంగా ఒక చోట చీకటిగా ఉంటే అక్కడి లైట్లు పోయాయి. గుండ్రంగా తెల్లటి చుక్క మెరుస్తుంటే లైటు మీది చిన్న కటకం ఊడిపోయింది. కొన్ని చోట్ల నీలం, ఊదా చాయ ఉంటే లైట్లు ముసలివయ్యాయి. స్ట్రిప్‌లు మార్చే మెకానిక్‌లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, కానీ పెద్ద ప్యానెల్‌ని పగలకుండా విప్పి మళ్లీ బిగించడం చేయి తిరిగినవాళ్లకే సాధ్యం. ఆ ఖర్చు, ఆ ప్రమాదం రెండూ ధరలోంచి తీసేయండి. క్రికెట్ వీడియో ఒకటి పెట్టి, కెమెరా మైదానం మీదుగా జరిగేటప్పుడు పచ్చదనంలో మురికి మరకలు కదిలినట్టు కనిపిస్తుందేమో కూడా చూడండి.

టీవీని కనీసం గంట నడవనివ్వండి. నిలువు గీతలు కొన్ని వేడెక్కాకే బయటపడతాయి. ఈలోగా మిగతావి చూసుకోవచ్చు.

6. పోర్టులు, ధ్వని, సాఫ్ట్‌వేర్

ఒక హెచ్‌డీఎంఐ కేబుల్, ఒక స్ట్రీమింగ్ స్టిక్ లేదా ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ప్రతి పోర్టుకీ పెట్టి చూడండి. ఉరుములు మెరుపులప్పుడు కేబుల్ వైరు ద్వారా ముందు పోయేది ఆ పోర్టులే. ప్లేస్టేషన్ 5 లాంటివి 4కేలో 120 హెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 120 ఫ్రేములతో, ఆడాలంటే హెచ్‌డీఎంఐ 2.1 కావాలి. ఎల్‌జీ సీ వరుసలో 2019 నాటి సీ9 నుంచి నాలుగు పోర్టులూ అలాంటివే. సోనీలో చాలా మోడళ్లకు రెండే ఉంటాయి, అందులో ఒకటి సౌండ్‌బార్ పెట్టే ఈఆర్క్ పోర్టే. గేమ్ మెషిన్ ఒకటి, సౌండ్‌బార్ ఒకటి పెట్టాక ఇంకో మెషిన్‌కి చోటుండదు. శాంసంగ్ టీవీల్లో డాల్బీ విజన్ (వెలుగునీడలు, రంగులు మెరుగ్గా చూపించే ఒక పద్ధతి) ఉండదు, దాని బదులు హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. ఇది లోపమేమీ కాదు, కాకపోతే అది కావాలనుకుని కొంటే నిరాశే.

సోనీ ఓఎల్ఈడీల్లో చాలావాటికి విడిగా ముందు స్పీకరు ఉండదు, తెరే కంపించి ధ్వని ఇస్తుంది. మగ గొంతు మాటలు, తబలా ఉన్న పాట పెట్టి శబ్దం బాగా పెంచండి. జర్రుమనే మోత వస్తే ఒప్పుకోకండి. శాంసంగ్ ఫ్రేమ్, ఎస్95సీ లాంటివి వన్ కనెక్ట్ అనే విడి పెట్టెతో వస్తాయి. కరెంటు, బొమ్మ అంతా ఆ ఒక్క సన్నటి కేబుల్ మీదే టీవీకి చేరుతుంది. పెట్టె లేకపోయినా, కేబుల్ మడతపడి తెగినా టీవీ పనికిరాదు, విడిగా కొనాలంటే చాలా ఖరీదు. ఎల్‌జీ జీ వరుస టీవీలు కొన్ని గోడ స్టాండుతోనే అమ్మారు, టేబుల్ స్టాండు ఉండదు. అసలు రిమోటు ఉందో లేదో, మైక్ పనిచేస్తుందో లేదో చూడండి.

యాప్‌లు నెమ్మదిగా తెరుచుకుంటే నేను పెద్దగా పట్టించుకోను. మంచి ప్యానెల్‌కి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలిస్తే ఆ బాధ తీరుతుంది. మంచి సాఫ్ట్‌వేర్ ఉందని చెడ్డ ప్యానెల్ కొనడం మాత్రం వద్దు. ఎల్‌జీ 2022 ఓఎల్ఈడీల నుంచి తన టీవీ సాఫ్ట్‌వేర్ వెబ్‌ఓఎస్ కొత్త వెర్షన్లు ఇస్తోంది. 2021, 2022 మోడళ్లు రెండూ ఒకే ధరకు దొరికితే కొత్తదాని వైపు మొగ్గడానికి ఇదొక కారణం.

7. విదేశం నుంచి తెచ్చిన టీవీ అయితే

అమెరికా, దుబాయ్, సింగపూర్ నుంచి తిరిగొచ్చిన మనవాళ్ల సామాన్లలో టీవీలు తరచుగా ఉంటాయి. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ ప్యానెల్ టీవీలకు బ్యాగేజీలో సుంకం మినహాయింపు తీసేశారు కాబట్టి, తెచ్చినవాళ్ల దగ్గర సుంకం కట్టిన రసీదు ఉందేమో అడగండి. వెనక స్టిక్కర్ మీద వోల్టేజీ చదవండి. 100-240 అని ఉంటే నేరుగా పెట్టొచ్చు. 120 మాత్రమే ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఎవరైనా ఒక్కసారి మర్చిపోయి నేరుగా ప్లగ్‌లో పెడితే పవర్ బోర్డు పోతుంది. పిల్లలున్న ఇంట్లో నేనైతే అలాంటిది పెట్టను. అక్కడి యాంటెన్నా పద్ధతి వేరైనా మనకు సెట్ టాప్ బాక్సు హెచ్‌డీఎంఐలోంచి వస్తుంది కాబట్టి దాని గురించి దిగులు లేదు. వారంటీ మాత్రం ఇక్కడ దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. బోర్డు పోతే ఆ మోడల్ విడిభాగాలు ఇక్కడ ఉండకపోవచ్చు కూడా. అందుకే వీటికి నా హద్దు కొత్త ధరలో మూడో వంతు.

8. బేరం, డబ్బు

చూసినవన్నీ అయ్యాక కూర్చుని, కనిపించిన లోపాలు ఒక్కొక్కటీ చెప్పి, మీ ధర ఒక్కసారే చెప్పండి. కించపరిచేలా మాట్లాడొద్దు. వాళ్ల ఇంట్లో నాలుగేళ్లు ఇష్టంగా చూసుకున్న వస్తువు అది. ఊరు ఖాళీ చేస్తున్నవాళ్లు చివరి వారంలో బాగా దిగి వస్తారు.

చూడకుండా అడ్వాన్సు పంపొద్దు. "ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, టోకెన్ పంపితే డెలివరీ చేస్తాం" అనే ప్రకటనల్లో చాలా పాత మోసం ఉంది. మీరు అమ్మేవైపు ఉన్నా సరే, డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎప్పుడూ ఉండవు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఒరిజినల్ బిల్లు తీసుకుని, దాని మీదనో తెల్ల కాగితం మీదనో సీరియల్ నంబరు, ధర, తేదీ, ఇద్దరి పేర్లు రాసి సంతకాలు పెట్టుకోండి. ఈఎంఐ తీరిందో లేదో అడగండి. వాళ్ల ఎదుటే టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, పాత అకౌంట్లు పోయాయని చూసుకున్నాకే డబ్బు పంపండి.

9. ఇంటికి తేవడం, ఆ తర్వాత

పెద్ద టీవీని ఎప్పుడూ నిలబెట్టే తీసుకురావాలి. పడుకోబెడితే తన బరువుకే ప్యానెల్ వంగుతుంది, ఒక గుంత తగిలితే పగులుతుంది. అసలు పెట్టె లేకపోతే రెండు దుప్పట్లు, తెర వైపు సమంగా ఉండే మందపాటి థర్మాకోల్ షీటు పెట్టండి. ఇద్దరు పట్టుకోవాలి, అడుగు అంచునూ పక్కల ఫ్రేమునూ పట్టుకోవాలి, ఓఎల్ఈడీ పై భాగం పలుచటి రేకులా ఉంటుంది కాబట్టి అక్కడ వేళ్లతో నొక్కకూడదు. ఏసీ వాహనంలోంచి ఉక్కపోత గదిలోకి తెస్తే గంటసేపు ఆగి ప్లగ్ పెట్టండి.

పెట్టాక ఒక అలవాటు మార్చుకోవాలి. మనిళ్లలో రాత్రి పడుకునే ముందు టీవీ స్విచ్ బోర్డు దగ్గరో, స్టెబిలైజర్ దగ్గరో ఆపేస్తాం. ఎల్‌జీ ఓఎల్ఈడీలు మొత్తం నాలుగు గంటలు నడిచాక, రిమోట్‌తో ఆపినప్పుడు స్టాండ్‌బైలో కొన్ని నిమిషాలు పిక్సెల్‌ల అరుగుదలను తామే సరిచేసుకుంటాయి. 2,000 గంటలకోసారి గంట పట్టే పెద్ద సవరణ ఇంకొకటి. గోడ దగ్గర కరెంటు తీసేస్తే ఈ రెండూ జరగవు. పాత యజమాని రోజూ అలా ఆపేవారా అని ఫోన్‌లో అడిగే ప్రశ్నల్లో దీన్ని కూడా చేర్చుకోండి. మీ ఇంట్లో మాత్రం రిమోట్‌తో ఆపి వదిలేయండి. ఊరెళ్తున్నప్పుడో, ఉరుములు మొదలైనప్పుడో అయితే రిమోట్‌తో ఆపిన పావుగంట తర్వాత ప్లగ్ తీయండి. లోగో వెలుతురు తగ్గించే సెట్టింగు, స్క్రీన్ కొద్దిగా జరిగే సెట్టింగు ఆన్‌లోనే ఉంచండి. నాన్నగారు న్యూస్ చూడాలంటే హాల్లోని మీ పాత టీవీని అమ్మకుండా ఆయన గదిలో పెట్టించండి.